గురుగ్రహం మీద జేబు

గురుగ్రహం కుట్టమని చర్చి సెక్రటరీ విజయ్ పాల్ నా కుట్టుమిషన్ దగ్గరకే వచ్చాడు. రాజమండ్రిలో తెల్లదొరలు కట్టించిన పాత చర్చి మాది. వార్షికోత్సవానికి దేవుడి సృష్టి చూపించాలని దాని కప్పు నుంచి పెద్ద గ్రహం వేలాడదీస్తారట, లోపల ఉబ్బడానికి ఫ్యాను, వెలగడానికి లైట్లు పెట్టి. పారాచూట్ గుడ్డా, గ్రహం బొమ్మా ఇచ్చి, అందులో మచ్చ చూపించి, "ఈ ఎర్రమచ్చ బాగా కనబడాలమ్మా ప్రసన్నా" అన్నాడు.

ఆ మనిషిని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మా ఆయన చిట్టియ్య రైల్వేస్టేషన్లో పోర్టర్. హిందువు, బాప్తిస్మం తీసుకోలేదు. అయినా ప్రతి ఆదివారం నన్ను సైకిల్ మీద తెచ్చి, ఆరాధన అయ్యేదాకా చర్చి మెట్ల మీద కూర్చునేవాడు. ఆయన పోయినప్పుడు, ఒక్క ప్రార్థన కోసం శవపెట్టెను లోపలికి తేనివ్వమని బతిమాలాను. విజయ్ పాల్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"పెద్దాపురం మారిడమ్మ జాతరకెళ్లే మనిషండి. లోపలికి ఎలా రానిస్తామండి?" అన్నాడు పాస్టరుగారితో.

పెట్టె మెట్ల మీదే వానలో తడిసింది. విజయ్ పాల్, నువ్వు చూస్తుండగానే ఈయన్ని ఈ గుమ్మం దాటిస్తానని ఆ రోజే అనుకున్నాను.

ఎర్రమచ్చకి వేరే గుడ్డ కొనలేదు. ట్రంకుపెట్టెలోంచి ఆయన ఎర్ర పోర్టర్ చొక్కా తీసి కత్తిరించాను. జేబు మాత్రం విప్పబుద్ధి కాలేదు.

మడతపెట్టిన గ్రహాన్ని నలుగురు భుజాల మీద మోసుకొచ్చారు. గుమ్మం దగ్గర విజయ్ పాల్ పక్కకి తప్పుకుని, "జాగ్రత్తరా, నేలకి తగలనివ్వకండి" అన్నాడు. నా కడుపు చల్లబడింది.

ఉత్సవం రోజు బిషప్పుగారు ప్రార్థన చేసి గ్రహాన్ని ఆశీర్వదించారు. లైట్లు వెలిగాయి. ఎర్రమచ్చ నడుమ చదరంగా ఏదో ముదురుగా కనబడింది. విజయ్ పాల్ ఆడవాళ్ల వైపు వచ్చి నా దగ్గర వంగాడు.

"అదేంటమ్మా మధ్యలో?"

"జేబండి. మా ఆయన చొక్కాది. జాతరకి కూడా అదే వేసుకెళ్లేవాడండి."

"ఇప్పుడే దించేయిస్తాను" అన్నాడు.

"దించండి. ఎందుకు దించుతున్నారో మైకులో చెప్పండి. వానలో తడిసిన పెట్టె సంగతి బిషప్పుగారికి నేను చెబుతాను."

అతను బిషప్పుగారి వైపు చూశాడు. వెళ్లి తన చోట కూర్చున్నాడు.

ఈస్టరు దాకా గ్రహం ఉండాలని ముందే కమిటీని ఒప్పించిందీ అతనే. ప్రతి ఆదివారం ప్రకటనలు చదవడానికి ఆ మచ్చ కిందే నిలబడాలి. తల ఎత్తడు. నేను ముందు వరసలో కూర్చుని, ఎప్పుడు ఎత్తుతాడా అని చూస్తుంటాను.