దులిపిన బస్తా

ఇంట్లో ఏ బస్తా ఖాళీ అయినా ఉమారాణి నాలుగుసార్లు తిరగేసి దులుపుతుంది. దులిపాక కుట్లలో వేలు పెట్టి వెతుకుతుంది. ఈ జబ్బు ఆమెకు పోయిన వానాకాలం పట్టుకుంది. నెల్లికుదురు పక్కన వాళ్ళు విత్తనం కోసం వేసిన వరిలో, పసుపు రంగు కంకుల మధ్య అక్కడక్కడా నల్ల పొట్టు కంకులు తేలాయి. తనిఖీకి వచ్చినవాళ్ళు విత్తనానికి పనికిరాదని తేల్చేశారు. భర్త మహిపాల్ క్షణం ఆలోచించలేదు. "మా ఆమెనే సార్. నల్లవడ్లు పోసిన పాత బస్తా దులపకుండ మండె గట్టింది" అన్నాడు, అందరి ముందూ నవ్వుతూ.

వడ్లు నానబెట్టి మొలకకు మూట కట్టింది ఆమే, నిజం. అంతకుముందు ఆ బస్తాను బోరు కింద ఉతికి, తిరగేసి, రెండు రోజులు ఎండేసిందీ ఆమే. నారు పోసిందీ, కలుపు తీసిందీ, నడుము విరిగేలా వంగిందీ ఎవరికీ గుర్తులేదు. దులపలేదన్న మాట మాత్రం ఊరంతా తిరిగింది. నాట్లప్పుడు "మా నారు ముట్టకు అక్కా" అని తోటి ఆడవాళ్ళు ఆటపట్టించారు. కూరలో ఉప్పెక్కువైనా సరే, "బస్తా దులపని చేతులు గద" అనేది అత్త. చివరికి నిజంగానే మర్చిపోయానేమోనని ఆమెకే అనుమానం పుట్టింది. అన్నిటికన్నా అదే ఎక్కువ కాల్చింది.

ఒకరోజు భర్త మరిచిపోయిన ఫోను ఇవ్వడానికి రైతువేదికకు వెళ్తే, వ్యవసాయాధికారి మనోరమ రైతులకు చెబుతున్న మాటలు గుమ్మంలోనే చెవిన పడ్డాయి. "నల్లవడ్లు వచ్చి కలిస్తే, వాటిని మళ్ల ఏసినా అన్నీ నల్లగనే వస్తయి. వేరే వరితోని సంకరమైన విత్తనమైతే ఒక్క కంకి గింజలే మళ్ల ఏసినా, కొన్ని మొక్కలు నల్లగ, కొన్ని పసుపుపచ్చగ విడిపోతయి. పొట్టు రంగు తల్లి నుంచి కొంత, తండ్రి నుంచి కొంత అస్తది."

ఇంటికొచ్చి, చేనులోంచి ఏరి పారేయడానికి పెట్టిన కుప్పలోంచి ఒక్క నల్ల కంకి తీసి దాచింది. యాసంగిలో బోరు పక్క మూలన ఆ గింజలతోనే నారు పోసి, ఒక్కో మొక్కా విడివిడిగా నాటింది. గింజ ముదిరేదాకా పొట్టు రంగు బయటపడదని తెలిసినా, రోజుకు రెండుసార్లు పోయి కంకులు విప్పి చూసేది. పొయ్యి మీద పాలు పొంగినా తెలిసేది కాదు.

ఇరవై మూడు దుబ్బులు. పద్నాలుగు నల్లగా, తొమ్మిది పసుపుపచ్చగా పండాయి. ఆమె గట్టు మీదే కూలబడి ఏడ్చింది. తర్వాత భర్తను పిలిచి చూపించింది. ఒక్క కంకి సంగతంతా విని మహిపాల్ చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. తేడా బస్తాలో లేదు, విత్తనంలోనే ఉంది; దాన్ని దోస్తు దగ్గర తెచ్చింది అతనే.

"సరే, తెలిసింది గద. ఇగ ఊకో. ఊర్లె నా ఇజ్జత్ పోతది" అన్నాడు.

ఇన్ని నెలలూ ఊళ్ళో పోయిన ఇజ్జత్ తనది. తనకూ ఒకటుందని ఎవరికీ తట్టలేదు.

కోతల్లో తొలి కంకుల్ని కుచ్చుగా అల్లి పిచ్చుకల కోసం గుమ్మానికి వేలాడదీయడం ఆ ఇంటి ఆనవాయితీ. ఈసారి ఉమారాణి బోరు పక్క కంకులతో అల్లింది. ఒక వరస నలుపు, ఒక వరస పసుపు. స్టూలెక్కి, వీధిలో పోయేవాళ్ళందరికీ కనబడేలా కట్టింది.

అత్త గాబరాగా బయటికొచ్చింది. "గడపకు గా నల్లయి ఏందే? ఎవలన్న అడిగితే ఏం జెప్తవ్?"

"అడగాల్ననే కట్టిన, అత్తమ్మా."