కండెలు ఎవరు చుట్టాలి

కొండమ్మ కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన వాపు. చెంబు ఎత్తినా ప్రాణం పోతోంది. ధర్మవరంలో వాళ్ల పేట దగ్గరి సర్కారు ఆరోగ్య కేంద్రానికి మొగుడు గంగాధర తీసుకెళ్లాడు. ప్రేమతో కాదు. మగ్గం మీద పెళ్లి పట్టుచీర సగంలో ఉంది.

"ఏం పని చేస్తారమ్మా?" డాక్టర్ ధరణి అడిగింది.

"పనేం లేదు మేడమ్. ఇంట్లోనే ఉంటాది," గంగాధరే చెప్పేశాడు.

"పనిలేకుండానే వాచిందా?" కొండమ్మ మొగుణ్ణి నిలదీసింది. "మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే దారం కండెలన్నీ నేనే చుడతా మేడమ్. తెల్లారినప్పట్నుంచి రాట్నం తిప్పేదే. ఈయప్ప నేసే దారం యాడనుంచి వస్తాదో అడగండి."

డాక్టరు బొటనవేలిని పిడికిట్లో మూయించి మణికట్టు వంచింది. కొండమ్మ పళ్లు బిగబట్టింది.

"బొటనవేలిని కదిలించే కండరపు తాడు జారే దారి వాచి బిగుసుకుంది. స్టెరాయిడ్ సూది వేసి, మణికట్టుకు పట్టీ కడతాను."

"స్టెరాయిడా? చెయ్యి పడిపోతాదంటారే," గంగాధర అన్నాడు.

"పడిపోదు. ముందు కాస్త నొప్పి పెరగొచ్చు, సూది పడినచోట చర్మం తెల్లబడొచ్చు. కానీ కొన్ని వారాలు రాట్నం ముట్టొద్దు. పట్టీ తీయొద్దు. మళ్లీ తిప్పితే మళ్లీ వాస్తుంది. వాచినప్పుడల్లా నేను సూది వేస్తూ పోను."

వాపు దిగగానే గంగాధర రాట్నం తెచ్చి ముందు పెట్టాడు.

"నొప్పి తగ్గిందంటివే. చుట్టు."

"చుట్టను."

"మరి సూది ఎందుకేయించుకుంటివి?"

"నా చెయ్యి బాగయ్యేదానికి."

మగ్గం ఆగింది. చప్పుడు లేదని, చీర నేయిస్తున్న షావుకారు జయచంద్ర వచ్చాడు.

"ఏమప్పా, నిలబెట్టినావు?"

"ఆమెకు చెయ్యి బాగలేదన్నా."

"నేసేది నువ్వు కదప్పా?"

గంగాధర మగ్గం మీది దారాలు సర్దబోయాడు.

"చెప్పు," అంది కొండమ్మ. "నోరు తెరిచి చెప్పు."

"కండెలు... ఆమే చుట్టాల."

జయచంద్ర కొండమ్మ వైపు తిరిగాడు. "పెళ్లోళ్లు తొందర పెడతాండారమ్మా. ఆ పట్టీ తీసి కొంచెం..."

"తీయనన్నా. అంత తొందరైతే నువ్వు కూచో. రాట్నం ఖాళీగానే ఉండాది."

షావుకారు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. గంగాధర రాట్నం ముందు చతికిలబడ్డాడు. దారం తెగింది. ముడేసి తిప్పాడు. మళ్లీ తెగింది.

"మణికట్టు లాగుతాందే," అన్నాడు.

"లాగుతాది," అంది కొండమ్మ, పట్టీ కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని. "తిప్పు."