వణకని కప్పు

విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర విభాగం మెట్ల కింద ఒక గది ఉంది. ఒకప్పుడు అందులో విరిగిన కుర్చీలు పడేసేవారు. ఇప్పుడు తలుపు మీద ‘మేధోహక్కుల క్లినిక్’ అని బోర్డు ఉంది. ఆ బోర్డులో రెండో మాట ఒక్కటే చదువుకుని దగ్గు మందు కోసం వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. అలాంటివాళ్ళను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, డాక్టరుండేది ఎదురు వీధిలో అని చెప్పి పంపడమే అక్కడ చేరిన పిల్లలకు మొదటి పాఠం.

“ముందు మనిషిని కూర్చోబెట్టండి. చట్టం ఎక్కడికీ పారిపోదు” అనేది మేడం.

క్లినిక్ నడిపేది ఆవిడే. గట్టున కూర్చుని ఎన్ని పుస్తకాలు చదివినా ఈత రాదని ఆవిడ నమ్మకం. అందుకే పిల్లలకు నిజమైన పనులే ఇచ్చేది. తన సబ్బు పేరు పక్కవీధివాడు పెట్టుకున్నాడని ఒకాయన వస్తాడు. తను తీసిన ఫోటోను ఎవరో చెప్పకుండా క్యాలెండరు మీద వేసుకున్నారని ఇంకొకాయన వస్తాడు. ఎవరొచ్చినా ఇద్దరు విద్యార్థులు ఎదురుగా కూర్చుని వినాలి, రాసుకోవాలి, వెతకాలి, చివరికి ఇది నిలుస్తుందో నిలవదో చెప్పాలి. దానికే మార్కులు.

అలా పనులు పంచిన రోజున ఒక ఫైలు మీద కక్షిదారు పేరు లేదు.

“ఒక్క పాయింటు మేడం” అని లేచాడు ఒక కుర్రాడు. ఏ విషయానికైనా ఇదే మాటతో లేస్తాడు కనక అందరూ వాడిని పాయింటు అనే పిలుస్తారు. “పేరు లేని కక్షిదారుకి మేం ఎవరని ఫోన్ చెయ్యాలి?”

“అవసరమైతే నేను కనుక్కుని చెప్తాను. కొందరు పేరు బయటపెట్టొద్దంటారు” అంది మేడం.

అది అబద్ధం కాదు. అలా అన్న కక్షిదారు తనే.

ఆ ఫైలు పాయింటుకూ, చీమకూ పడింది. చీమ అంటే ఒక బక్కపలచని అమ్మాయి. తనకంటే పెద్ద సంచి వీపున వేసుకుని, గోడవారగా, ఎవరికీ అడ్డం రాకుండా నడుస్తుంది. పట్టుకున్నది మాత్రం వదలదు.

ఫైలులో ఉన్నది ఒక కప్పు. చేతులు వణికేవాళ్ళ కోసం చేసింది. మామూలు కప్పుకు పిడి బిగించి ఉంటుంది, చెయ్యి వణికితే కప్పూ వణుకుతుంది. దీనికి అలా కాదు. పిడికీ కప్పుకీ మధ్య చిన్న ఇరుసు ఉంది. ఆ ఇరుసు చుట్టూ ఒక రబ్బరు వాషర్. అడుగున ఇనప బిళ్ళ. చెయ్యి ఎంత కదిలినా ఆ కదలికను వాషర్ మింగేస్తుంది, కప్పు నిటారుగా నిలుస్తుంది.

దాన్ని చేసినవాడు మేడం తమ్ముడు. సైకిళ్ళు బాగుచేసేవాడు.

వాళ్ళ నాన్న దర్జీ. ఒక్క చూపుతో సూదిలో దారం ఎక్కించిన చేతులు ఆయనవి. ఆ చేతులకు వణుకు పట్టుకున్నాక కత్తెర వదిలేశాడు, తర్వాత టీ కొట్టుకు వెళ్ళడం మానేశాడు. ఎందుకు మానేశాడో ఆమెకు తట్టలేదు. తమ్ముడికి తట్టింది. నలుగురి ముందూ చొక్కా మీద ఒలకబోసుకోవడం ఆయనకు ఇష్టం లేదు.

మొదట చేసిన కప్పు ఉయ్యాలలా ఊగి, టీ అంతా నాన్న ఒళ్ళో పడింది.

“ఒరేయ్, తలంటు కూడా పోస్తే సరిపోయేది కదరా!” అన్నాడు నాన్న.

తమ్ముడు నవ్వుతూనే వెళ్ళి పాత సైకిల్ ట్యూబులోంచి వాషర్ కత్తిరించుకొచ్చాడు. ఎంత మందం ఉండాలో తెలియడానికి ఎన్ని కత్తిరించాడో! చివరికి ఒకరోజు నాన్న కప్పు నిండా టీ తాగి, ఖాళీ కప్పు బోర్లించి చూపించాడు. మర్నాడు టీ కొట్టుకు ఆ కప్పు జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

“దీనికి పేటెంటు తీసుకోవచ్చురా” అంది ఆమె అప్పుడు.

“నీ చట్టం నా కప్పుకెందుకక్కా? ముందు టీ పొయ్యి” అన్నాడు వాడు.

పోయిన వానల్లో వాడికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఆస్పత్రిలో చేర్చేటప్పుడు కూడా, షాపు తాళాలు తన దగ్గరే ఉంచమని గొడవపడ్డాడు. తాళాలు ఇంటికి వచ్చాయి, మనిషి రాలేదు.

దినాలన్నీ అయ్యాక నాన్న ఆమెను పిలిచి కూర్చోబెట్టాడు.

“అమ్మడూ, వాడి పేరు మీద సర్కారువాళ్ళు ఇచ్చిన ఆఖరి కాగితం చావు కాగితం. అదే ఆఖరిది కాకూడదమ్మా. నీకు తెలిసిన విద్యే కదా. వాడు చేసింది వాడిదేనని ఒక కాగితం తేవా?”

“తెస్తాను నాన్నా” అంది ఆమె.

ఆ మాటతో ముసలాయన గోడకు మేకు కొట్టాడు. కాగితం వస్తే ఫ్రేము కట్టించి తగిలించడానికి. కుదురులేని చేత్తో కొట్టాడేమో, మేకు చుట్టూ గోడంతా గుంటలు పడ్డాయి. బొటనవేలు నల్లగా కమిలింది. రోజూ ఆమె కాలేజీ నుంచి రాగానే ఒకటే ప్రశ్న.

“వాడి పని ఎంతవరకు వచ్చిందమ్మా?”

“జరుగుతోంది నాన్నా.”

కానీ జరగడం లేదు. పేటెంటు అడగబోయేవాడు ముందుగా చేయవలసింది వెతకడం. ప్రపంచంలో ఏ మూలనైనా, ఎవరైనా, ఎప్పుడైనా ఆ వస్తువును ముందే చేసి అమ్మి ఉంటే అది కొత్తది కాదు, దానికి హక్కు రాదు. తెలిసి చేశాడా, తెలియక చేశాడా అని చట్టం అడగదు. ఇన్నేళ్ళుగా ఈ పాఠం చెప్పి చెప్పి ఆమె నాలుక అరిగిపోయింది. “మీ కక్షిదారు మీద జాలి ఉంటే ఇంకా గట్టిగా వెతకండి. మీకు దొరకనిది రేపు ఎదుటివాడికి దొరుకుతుంది” అని చెప్పిన మనిషి, తమ్ముడి కప్పు కోసం కంప్యూటరు ముందు కూర్చుని, వెతకవలసిన మాట సగం కొట్టి, లేచిపోయేది. అలా చాలాసార్లు జరిగాక ఒకనాడు ఫోటోలు, గీసిన బొమ్మలు, కొలతలు ఒక ఫైలులో పెట్టి, పేరు తీసేసి, పిల్లలకు పంచే పనుల్లో కలిపేసింది. తన చేతులు కూడా వణుకుతున్నాయని ఎవరితో చెప్పుకుంటుంది?

అభిప్రాయాలు చెప్పే రోజు వచ్చింది. గదిలో పది పన్నెండు మంది ఇరుక్కుని కూర్చున్నారు. ఆమె ఎప్పటిలాగే చివర, కిటికీ పక్కన నిలబడింది.

“ఒక్క పాయింటు మేడం” అంటూ మొదలుపెట్టాడు పాయింటు. “నేనైతే ఇది నిలుస్తుందనే రాశాను. మనం హక్కు అడిగేది ఇదీ అని క్లెయిము కూడా చక్కగా కట్టాను. పిడి, ఇరుసు, చుట్టూ వాషర్. కంప్యూటర్లో కళ్ళు పోయేలా వెతికినా ఎక్కడా లేదు. ఈవిడే ఒప్పుకోలేదు.”

మేడం గుండె ఒక్కసారి తేలికపడింది. ఆ తేలిక ఎంతోసేపు లేదు.

చీమ సంచి విప్పి ఒక పాత కప్పు తీసి బల్ల మీద పెట్టింది. తెల్ల పూత అక్కడక్కడా పెచ్చులూడి, లోపలి ఇనుము కనబడుతోంది.

“వెతకడం కంప్యూటర్లో మొదలవుతుంది గానీ అక్కడే ఆగకూడదని మీరే చెప్పారు కదా మేడం. ఆస్పత్రి వెనక వీధిలో చేతికర్రలు, చక్రాల కుర్చీలు అమ్మే షాపులన్నీ తిరిగాను. ఒక షాపులో పై అరలో ఇది ఉంది. షాపు నడిపే మామ్మగారు ఇందులో పెన్నులు వేసుకుంటోంది. ‘మా ఆయన ఉన్నప్పుడు ఇవి బాగా అమ్మేవాళ్ళం తల్లీ, ఆ కంపెనీ ఎప్పుడో మూతబడింది’ అంది.”

“ఏదో కప్పు. మనదానిలా ఉంటే చాలా?” అన్నాడు పాయింటు. “వాషర్ ఏదీ? వాషరే కదా మన ప్రాణం!”

చీమ సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి పిడి ఊడదీసింది. ఇరుసు చుట్టూ నల్లటి చుట్ట ఒకటి కనబడింది. గోటితో తట్టింది. కాస్త గట్టిపడింది గానీ రబ్బరే.

పాయింటు చేతులెత్తేశాడు.

“అయిపోయింది! ఈ ఫైలు పెద్దమనిషి ఎవరో గానీ మేడం, తాతకు దగ్గులు నేర్పాడు!”

అందరూ గొల్లున నవ్వారు. మేడం నవ్వలేదు, కసురుకోనూ లేదు. అడగవలసిన ప్రశ్నలు అడిగింది.

“ఎప్పటిది?”

“అడుగున సంవత్సరం అచ్చు వేసి ఉంది మేడం.” చీమ కప్పు తిప్పి చూపించింది.

ఆ ఏడాదికి తమ్ముడు ఇంకా పుట్టలేదు.

“మన కక్షిదారు కప్పుకీ దీనికీ తేడా ఏమీ లేదా?”

“ఒకటి ఉంది మేడం. మనదానికి పిడి ఎడమచేతికి వాలి ఉంది. బొటనవేలు ఆనడానికి చిన్న గుంట ఉంది. దాన్ని పట్టుకుని ఏమైనా రాయొచ్చేమోనని చాలా ఆలోచించాం. కానీ పని తెలిసినవాళ్ళు ఎవరైనా చేసే మార్పే అంటారు కదా, నిలవదు.” చీమ కాస్త ఆగి, “ఎవరిదో ఒక్క మనిషి చెయ్యి కొలిచి చేసినట్టుంది మేడం” అంది.

“అవును” అంది ఆమె.

తర్వాత ఫైళ్ళు కూడా అయ్యాయి. ఎవరు ఏం చెప్పారో ఆమెకు వినబడింది గానీ ఎక్కలేదు. పిల్లలు వెళ్ళిపోతున్నప్పుడు చీమ మాత్రం బల్ల దగ్గరే నిలబడింది. పక్కనే పాయింటు.

“మేడం, కక్షిదారుని ఎప్పుడు పిలుస్తారు?” అని అడిగింది చీమ.

“ఎందుకు?”

“చెడ్డ మాటైతే వెతికినవాళ్ళే ఎదురుగా కూర్చుని చెప్పాలి, ఫోన్లో చెప్పకూడదు, ఇంకొకరితో చెప్పించకూడదు అని మన రూలు కదా మేడం. ఎలా చెప్పాలో రాసుకున్నాను కూడా.”

రూలు పెట్టింది తనే. దాటడానికి సందు వదలకుండా పెట్టింది. ఆమె పాత కప్పును చేతిలోకి తీసుకుని, ఊడిన పిడిని మళ్ళీ దాని చోట పెట్టి చూసింది.

“చెప్పేశావమ్మా” అంది. “ఇందాకే చెప్పావు. బాగా చెప్పావు.”

చీమకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. పాయింటుకు ముందే అర్థమైంది.

“మేడం, నేను... ఆ దగ్గుల మాట...”

“సామెత సరిగ్గానే వాడావు. అది మా తమ్ముడు చేసింది. పోయిన వానల్లో పోయాడు.”

చీమ గోడవారగా వెళ్ళి ఒక కుర్చీ లాక్కొచ్చి మేడం వెనక వేసింది. కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి తెచ్చి రెండు చేతులతో ఇచ్చింది. ఆమె కూర్చుంది. తను నేర్పిన మొదటి పాఠం తనకే ఒప్పజెబుతుంటే కాదనలేక నీళ్ళన్నీ తాగింది.

వాళ్ళు వెళ్ళాక మార్కులు వేసింది. చీమ రాసినదాంట్లో ఒక్క మార్కు తగ్గించడానికి కారణం దొరుకుతుందేమోనని మొదటి నుంచి చివరిదాకా చదివింది. దొరకలేదు. పూర్తి మార్కులు వేసి, అందరికీ పెట్టినట్టే పొడి అక్షరాల్లో సంతకం పెట్టింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి నాన్న వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“వాడి పని ఎంతవరకు...” అంటూనే ఆమె చేతిలోని కప్పు చూశాడు. “ఏంటమ్మా అది?”

ఆమె కాళ్ళు కడుక్కుని, టీ పెట్టి, ఆ పాత కప్పుకు పిడి బిగించి, శుభ్రంగా తోమి, అందులో పోసి తెచ్చింది. ఎదురుగా కూర్చుంది. చెడ్డ మాట ఎదురుగా కూర్చునే చెప్పాలి.

“ఇందులో తాగి చూడు నాన్నా.”

ఆయన అనుమానంగా అందుకున్నాడు. పిడి కుడిచేతికి అనువుగా ఉంది. ఎడమచేతి నుంచి కుడిచేతికి మార్చుకున్నాడు. చెయ్యి వణికింది. పిడి అటూ ఇటూ ఆడింది. ఒలకాలని ఆమె కోరుకుంది. చదువుకున్న మనిషి, న్యాయం చెప్పే మనిషి, ఒక్క చుక్క ఒలకాలని కోరుకుంది.

ముసలాయన టీ అంతా తాగాడు. అలవాటు చొప్పున ఖాళీ కప్పు బోర్లించాడు.

“ఒలకలేదమ్మా” అన్నాడు.

“ఒలకదు నాన్నా. వాడు పుట్టకముందే ఎవరో చేశారు. షాపుల్లో అమ్మారు. ఇక కాగితం రాదు.”

“మనం డబ్బు కట్టినా?”

“ఏం కట్టినా రాదు.”

ఆయన కప్పును వేళ్ళతో తడిమి చూశాడు. దర్జీ కదా, కుట్టు ఎక్కడుందో వెతుకుతున్నట్టు అంచులన్నీ తడిమాడు.

“వాడు దీన్ని చూశాడంటావా?”

“లేదు నాన్నా. ఎక్కడ చూస్తాడు? వాడి షాపు, ఈ ఇల్లు తప్ప వాడికేం తెలుసు?”

“మరి చూడకుండా చేశాడు కదా. వాడంతట వాడే చేశాడు కదా.”

“చేశాడు. చట్టం అది అడగదు నాన్నా.”

“అడగదా?”

“అడగదు.”

చేతిలో కప్పును ఆయన నేల మీద పెట్టాడు, మెల్లగా, చప్పుడు కాకుండా. వీధిలో ఎవరిదో సైకిల్ గంట వినబడితే ఇద్దరూ ఒకేసారి తలలెత్తి, మళ్ళీ దించుకున్నారు.

దీపం పెట్టే వేళకు ఆమె లోపలికి వెళ్ళింది. గోడకు ఆ మేకు అలాగే ఉంది, చుట్టూ గుంటలతో. స్టూలు వేసుకుని ఎక్కి, పటకారు పెట్టి పట్టింది. రోజూ ఆయన కళ్ళకు అది కనబడకుండా ఉంటే మంచిదనుకుంది.

“వద్దమ్మడూ” అన్నాడు నాన్న గుమ్మంలోంచి. ఆయన చేతిలో తమ్ముడు చేసిన కప్పు ఉంది, ఖాళీది. చూపు మేకు మీద ఉంది. “పీకకు. పెచ్చు ఊడొస్తుంది.”

ఆమె స్టూలు మీద నుంచి దిగింది.