దొరసానికి బుద్ధొచ్చిన సోమవారం

మా మామయ్య పెంచుకుంటున్న పెద్దబాతు పేరు దొరసాని. ఇంట్లో పెత్తనమంతా దానిదే. అత్తవారింట్లో తిష్ఠ వేసిన అల్లుణ్ణి కాబట్టి నామీద ఇంకాస్త ఎక్కువ. రెండేళ్లుగా నేను ఆఫీసుకు బయల్దేరినప్పుడల్లా బుసకొడుతూ వచ్చి పిక్క పట్టుకునేది. మనుషుల్ని బాగా అంచనా వేస్తుందని మామయ్య మురిసిపోయేవారు.

ఆ సోమవారం గేటు దాకా క్షేమంగా చేరాను. దొరసాని గోడ పక్కన ఈకలు ఉబ్బించుకుని, మెడ ముడుచుకుని కూర్చుంది. నన్ను చూసి కళ్లు మూసుకుంది.

ఇంట్లో సంబరమే సంబరం. వయసుతో బుద్ధొచ్చిందని అత్తయ్య, తన శిక్షణ ఫలించిందని మామయ్య. నాకు మాత్రం అనుమానమొచ్చింది. ఒంట్లో బాగుంటే అది నన్ను వదిలే రకం కాదు. దగ్గరికెళ్లి చూస్తే ముందురోజు వేసిన గింజలు అలాగే ఉన్నాయి, రెట్ట పచ్చగా ఉంది, లేపితే కాలీడుస్తోంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామన్నాను. మామయ్య నలభై ఏళ్లుగా పెరటి పక్క గదిలో రేడియోలు, మిక్సీలు బాగుచేస్తున్నారు. శబ్దం వింటే చాలు, రోగం తెలిసిపోతుందట. దాని ఎదకు చెవి ఆనించి, వేడి చేసిందని తేల్చేశారు. మిక్సీలకూ ఆయన చెప్పేది అదే.

బుధవారానికి దొరసాని మెడ నిలపలేక తల నేలకు వాల్చేసింది. అప్పుడు తగ్గింది మామయ్య పాండిత్యం. తువ్వాల్లో చుట్టి, ఆటోలో దారి పొడవునా ఒళ్లో పెట్టుకుని నిమురుతూనే ఉన్నారు. పక్కన అత్తయ్య, డ్రైవరు పక్కన నేను.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి చూపించింది. కడుపులో తెల్లటి చుక్కలు.

"ఇవి సీసం ముక్కలు. తీగలు అతకడానికి టంకం వేసేటప్పుడు రాలతాయే, అవి. బాతులు గులకరాళ్లనుకుని మింగేస్తాయి. ఆ చెత్త పెరట్లో పోసిందెవరు?"

బల్ల ఊడ్చి వెనక కిటికీలోంచి పారబోయడం మామయ్యకు నలభై ఏళ్ల అలవాటు. ఇలాంటి రోజు కోసమే నేను రెండేళ్లుగా కాచుక్కూర్చున్నాను. తీరా చూస్తే, నిమిరే ఆ చెయ్యి ఆగిపోయింది. ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"నేనేనండీ," అన్నాను.

డాక్టరమ్మ నాకు గడ్డి పెట్టింది. పక్షులు రోగాన్ని చివరిదాకా దాచుకుంటాయనీ, అలవాటు మారిందంటే అదే మొదటి గుర్తనీ చెప్పి, ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. పది రోజులు వెచ్చగా, విడిగా ఉంచమంది. తిరుగు ప్రయాణంలో అత్తయ్య నన్ను ఉతికి ఆరేసింది. మామయ్య రోడ్డు చూస్తూ కూర్చున్నారు. ఇంటికి రాగానే పెరట్లో మోకాళ్ల మీద కూర్చుని, చీకటి పడేదాకా ఒక్కో రవ్వా ఏరారు.

దొరసాని బతికింది. నెల తర్వాత రేడియో పట్టుకెళ్లడానికి వచ్చినాయన బాతుకు ఆమధ్య ఏమైందని అడిగాడు.

"మా అల్లుడికి చెత్త ఎక్కడ పొయ్యాలో తెలీదండీ. నేను సమయానికి కనిపెట్టాను కాబట్టి సరిపోయింది," అన్నారు మామయ్య, నావైపు చూడకుండా.

వచ్చినాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"అవునండీ, మామయ్యే కాపాడారు," అన్నాను. ఆ రోజు ఆ ముఖం చూసినవాణ్ణి, ఇంకేమంటాను?