ఒక గేరు రాడ్డు సవతి పోరు

నేనొక గేరు రాడ్డును. అన్ని కార్లలో ఉండేలాంటి రాడ్డుననుకునేరు! ఇద్దరే కూర్చోగలిగే, పైకప్పు వెనక్కి మడుచుకునే ఎర్ర స్పోర్ట్స్ కారుది. ఎవరూ అడగకపోయినా ఈ మాట ముందుగా చెప్పేయడం నాకలవాటు. వయసైపోయినా పొగరు తగ్గలేదని మీరనుకుంటే అనుకోండి, నాకేం ఇబ్బంది లేదు.

ఎక్కడో పరాయి దేశపు ఫ్యాక్టరీలో ఎర్రగా కాల్చి సాగదీసి నన్ను తయారుచేశారు. నడుము దగ్గర ఒక ఇనుప బంతి, అడుగున ఇంకొక చిన్న బంతి పెట్టారు. నడుము బంతి మీద నేను అటూ ఇటూ ఊగితే, అడుగు బంతి గేరుబాక్సులో దిగి లోపలి చక్రాలను నా మాట వినేలా చేస్తుంది. ఇనుమూ ఇనుమూ రాసుకుని గోల చెయ్యకుండా ఆ అడుగు బంతికి ఒక నైలాన్ టోపీ తొడిగారు. దాన్ని మెకానిక్కులు బుష్ అంటారు. ఇక నెత్తిన తోలు కుట్టిన గుండ్రటి నాబ్. అద్దంలో చూసుకునే భాగ్యం లేదు గానీ, అందగత్తెనే అయ్యుంటాను.

నా మొదటి యజమాని హైదరాబాదులో ఒక కాంట్రాక్టరు గారి అబ్బాయి. అతనికి బండి నడపడం కన్నా నా మీద చెయ్యి వేసి ఫొటోలు దిగడం ఎక్కువ ఇష్టం. క్లచ్ పూర్తిగా తొక్కే ఓపిక కూడా ఉండేది కాదు. నేను కీచుమంటే, బండిలో ఏదో లోపం ఉందని స్నేహితులకు చెప్పేవాడు. లోపం ఎక్కడుందో నాకు తెలుసు, అది ఎక్కడ కూర్చుందో కూడా తెలుసు. కొన్నాళ్ళకు మోజు తీరి బండి అమ్మేశాడు.

కొన్నది విజయవాడ మొగల్రాజపురంలో పళ్ళ డాక్టరు హైమవతి గారు. నా అసలు జీవితం అప్పుడు మొదలైంది. ఎడమచేత్తో ప్రసాదం పుచ్చుకుంటే తప్పు, ఎడమచేత్తో ఏదైనా ఇస్తే అపచారం అని ఒకరినొకరు కసురుకునే ఈ మనుషులు, ప్రాణం మీదికి వచ్చే బండి పని మాత్రం ఎడమచేతికే అప్పగించారు. వాళ్ళ తెలివి వాళ్ళది. నాకు దక్కింది ఆ చెయ్యే, నేను ప్రేమించింది ఆ చేతినే. వారమంతా జనం నోళ్ళలో ఓపిగ్గా పనిచేసిన చెయ్యి కదా, నన్ను ఎప్పుడూ బలవంతపెట్టేది కాదు. ఆదివారం పొద్దున్నే కొండపల్లి ఖిల్లా ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే, మలుపు రాకముందే ఆమె అరచెయ్యి నా మీదికి వచ్చి ఆగేది. ఏ గేరు కావాలో నాకు ముందే తెలిసిపోయేది.

తర్వాత ఆమె ఎడమ భుజం పట్టేసింది. మూడో గేరుకూ అయిదో గేరుకూ చెయ్యి ముందుకు చాచినప్పుడల్లా "అబ్బా" అనేది. పక్క సీట్లో భర్త "హాయిగా ఆటోమేటిక్ కొనుక్కోరాదూ, ఈ అవస్థ ఎందుకు?" అని మొదలుపెట్టేవాడు. ఆమె బండి మార్చలేదు. నన్ను మార్చింది.

ఆటోనగర్‌లో మెకానిక్ కోటిలింగం షెడ్డు ఆమె బండికి పుట్టిల్లు. ఒకరోజు అతను సీట్ల మధ్య మూత విప్పుతూ ఒక అట్టపెట్టె తెరిచాడు. అందులో ఉంది నా సవతి. పొట్టిది. పైన కురచ, కింద పొడుగు. అందుకని చెయ్యి కాస్త కదిపితే చాలట, గేరు పడిపోతుందట. తళతళా మెరిసిపోతోంది. ఆ మెరుపు చూస్తే నా ఒళ్ళు మండిపోయింది.

కోటిలింగం బోల్టులు విప్పి, నా నాబ్ తిప్పి తీసి, దాని నెత్తిన బిగించాడు. హైమవతి గారి అరచెయ్యి రాసుకుని రాసుకుని నునుపెక్కిన నాబ్ అది. నా తల తీసి దానికి పెట్టారండీ! తర్వాత నన్ను బయటికి లాగాడు. లాగినప్పుడు అడుగునున్న నైలాన్ టోపీ కూడా నాతోనే వచ్చేసింది. నల్లటి జిగురులో మునిగి నాలో భాగంలాగే కనిపించడంతో అతను గమనించలేదు. నన్ను పాత గుడ్డలో చుట్టి అరమీద పడేశాడు. పొట్టిది టోపీ లేకుండానే గేరుబాక్సులోకి దిగింది. గుడ్డ సందులోంచి నేను చూస్తూనే ఉన్నాను. నోరుంటే చెప్పేదానివి కదా అంటారేమో. నోరున్నా చెప్పేదాన్ని కాదు.

వారం తిరగకుండానే ఆమె వచ్చింది.

"కోటిలింగం గారూ, సెకండ్ వేస్తే గరగరమంటోందండీ. మూడులో వేశానో అయిదులో వేశానో చేతికి తెలియట్లేదు."

గుడ్డలో ఉన్న నాకు కడుపు చల్లబడింది. కోటిలింగం గేరు ఆయిలు మార్చాడు. గరగర పోలేదు. బోల్టులు బిగించాడు, క్లచ్ సరిచేశాడు, కింద రబ్బరు ముక్కలు పెట్టాడు. ప్రతిసారీ ఆమె రెండు వీధులు తిరిగి వచ్చి తల అడ్డంగా ఊపేది. అన్నీ చూశాడు గానీ, నన్ను ఒక్కసారి విప్పి చూడాలని అతనికి తోచలేదు. బయట పడేసిన వస్తువులో లోపం వెతకడం మనుషులకు అలవాటు లేదు. దసరా ముందు ఆమె ముఖం చూసి అతనే చేతులెత్తేశాడు.

"ఈ ఫారిన్ సరుకు మనకు కుదర్లేదు డాక్టరమ్మా. పండగ మర్నాడు పాతదే ఎక్కించేస్తాను."

నేను గాల్లో తేలిపోయాను.

"అది ఎక్కిస్తే నేను నడపలేనండీ. భుజం ఒప్పుకోదు" అందామె. కాసేపు కారు తలుపు పట్టుకుని నిలబడింది. "సరే, పాతదే ఎక్కించండి. బండి ఎవరైనా కొనేవాళ్ళుంటే చూడండి. ఇంక వదిలేసుకుంటాను."

మంచి మనసున్న ఏ రాడ్డైనా అక్కడ కరిగిపోవాలి. నేను కరగలేదు. ఆమె చెయ్యి నాకు దక్కకపోతే దానికీ దక్కకూడదు, ఎవరెవరి చేతుల్లోకి వెళ్ళినా నా చోట నేనుంటాను అనుకున్నాను. బండి షెడ్డులోనే వదిలి ఆమె ఆటోలో వెళ్ళిపోయింది.

ఆయుధపూజ నాడు ఆటోనగర్ అంతా కడిగిన ఇనుమే. స్పానర్లు, జాకీలు, సుత్తులు అన్నీ తోమి, పసుపు కుంకుమ పెట్టి బల్ల మీద పేర్చేస్తారు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటిదాకా ముట్టుకోరు. కోటిలింగం భార్య నాంచారమ్మకు షెడ్డులో ఏ ఇనప ముక్కా మురికిగా ఉండటానికి వీల్లేదు. గుడ్డలోంచి నన్ను కూడా లాగి, కిరసనాయిల్లో ముంచి, బాగా రుద్ది బల్ల చివర పెట్టింది. ఇన్నాళ్ళకు నాకూ ఒక మర్యాద జరిగింది కదా అని పొంగిపోయాను.

తన బండికి ఆఖరి పూజ అని హైమవతి గారు పూలదండ తెచ్చింది. బానెట్ మీద దండ వేసి, బల్ల దగ్గరికి వచ్చి నన్ను గుర్తుపట్టింది.

"పాపం, ఇన్నాళ్ళూ మోసింది" అంటూ బొట్టు పెట్టడానికి నన్ను చేతిలోకి తీసుకుంది.

ఎన్నాళ్ళకు ఆ చెయ్యి! నేను ఒళ్ళు మరిచిపోయాను. కిరసనాయిలుకు జిగురంతా కరిగి, నైలాన్ టోపీ వదులైపోయిందన్న ధ్యాసే లేదు. ఆమె నన్ను నిలబెట్టగానే అది జారి ఆమె అరచేతిలో పడింది.

పళ్ళ డాక్టరు కదా, ఆమె దాన్ని వెలుతురుకు పెట్టి లోపలా బయటా చూసింది.

"ఇది క్యాప్ కదండీ. అరిగిన పంటికి మేం వేసేలాంటిది. కొత్తదానికి ఇది వేశారా?"

కోటిలింగం నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఓరి నా మతి మండ! ఊడలాగేటప్పుడు దాంతోనే వచ్చేసినట్టుంది. మీ బండిని, మిమ్మల్ని ఇన్నిసార్లు తిప్పాను డాక్టరమ్మా!"

అప్పటికప్పుడు స్పానరు మీదికి చెయ్యి చాచాడు. నాంచారమ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"పూజలో ఉన్నయ్యి ముట్టుకోమాకయ్యా! ఇన్నాళ్ళు ఆగిన బండి రేపటిదాకా ఆగలేదా?"

హైమవతి గారు నవ్వేసింది. నన్ను బల్ల మీద పెట్టేసి, టోపీని మాత్రం తమలపాకులో పెట్టి, దానికీ ఇంత కుంకుమ పెట్టింది. నాకు పెట్టబోయిన బొట్టు మరిచిపోయింది.

మర్నాడు పొద్దున్నే కోటిలింగం పొట్టిదాన్ని పైకి తీసి, నా టోపీ తొడిగి, మళ్ళీ దింపాడు. ఆమె ఎక్కి కూర్చుని రోడ్డు మీదికి పోనిచ్చింది. నేను చెవులు రిక్కించాను. ఒకటి, రెండు, మూడు. మధ్యలో గరగర లేదు, తడుముకోవడం లేదు. నేను ఎంత కష్టపడినా మూడో గేరు అంత చటుక్కున పడేది కాదు. ఒప్పుకోవడానికి ప్రాణం ఉసూరుమన్నా, విన్నది విన్నట్టు చెప్పాలి కదా. తిరిగొచ్చి ఆమె స్టీరింగ్ మీద చెయ్యి వేసి అలా కూర్చుండిపోయింది. కొనేవాళ్ళ మాట ఆమే ఎత్తలేదు, కోటిలింగమూ ఎత్తలేదు.

నన్ను పాత ఇనుముకు వేయకుండా గోడకు తగిలించాడు. పొట్టి రాడ్డు వేయించుకుని గరగరమంటోందని ఎవరొచ్చినా నన్ను దించి, బోసిపోయిన నా అడుగు చూపించి, "ముందు నీ పాతదాని అడుగు చూసుకో బాబూ" అంటాడు. నా సవతులందరి రోగానికీ నేనే మందునయ్యాను. ఇంతకన్నా అవమానం ఉంటుందా?

అయినా రోజూ ఆ ఎర్ర బండి చప్పుడు కోసమే వింటాను. పొట్టిది విరగాలి, ఆమె రావాలి అని మొక్కుకుంటాను. పోయిన నెల ఆమె ఆయిలు మార్పించడానికి ఎప్పుడు రమ్మంటారని ఫోన్ చేసింది. కోటిలింగం చేతులకు గ్రీజు ఉందని ఫోను బల్ల మీదే పెట్టి స్పీకరు నొక్కాడు.

"భుజం ఎట్టా ఉంది డాక్టరమ్మా?"

"పూర్తిగా నయమైందండీ. ఇప్పుడు చెయ్యి ఎటైనా చాస్తున్నాను."

గోడ మీద నేను ఊపిరి బిగబట్టాను. భుజం కోసమే కదా నన్ను తీసేసింది! కోటిలింగానికీ అదే తోచినట్టుంది, నా వైపు చూస్తూ అడిగాడు.

"అయితే పాతది ఎక్కించమంటారా? ఇక్కడే ఉంచాను."



"ఏ పాతదండీ?"