వీరవేణి ప్రార్థన

తెలియని భాషలో చేసిన ప్రార్థనకు ఆమెన్ అనవచ్చా, కూడదా అన్న సందేహం సుందరరావు మాస్టారిని ఏళ్ళ తరబడి విడిచిపెట్టలేదు. ఒకసారి పాస్టరుగారిని అడిగితే ఆయన నవ్వి, "దేవుడికి అన్ని భాషలూ వచ్చు కదండీ" అన్నారు. దేవుడి సంగతి మాస్టారికీ తెలుసు. ఆయన అడిగింది తన సంగతి.

పందొమ్మిదివందల డెబ్బైలో, రాజోలు దగ్గర ఆయన పనిచేసే మిషను బడికి బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాల పిల్లలు రావడం మొదలైంది. మొదట ఒక్క ఇల్లే. వానాకాలం వచ్చేసరికి కాలవగట్టు పొడుగునా పాకలు లేచాయి. ఆ పిల్లలకు ఇంట్లో మాట్లాడే తెలుగు వచ్చు గాని, తెలుగు అక్షరం ముక్క రాదు. వయసుతో పనిలేకుండా అందరినీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టమన్నారు హెడ్మాస్టరు జ్ఞానప్రకాశంగారు.

"పన్నెండేళ్ళ పిల్లలు కూడా ఉన్నారండీ. సిగ్గుపడతారు" అన్నారు మాస్టారు.

"అక్షరాలొచ్చేదాకా ఆ సిగ్గుని చాప కింద పెట్టుకోమనండి."

పోలిరాజు కూతురు వీరవేణి అలా కూర్చున్న పిల్లే. పసివాళ్ళ మధ్య మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, గోడవైపు తిరిగి ఉండేది. "బర్మా అక్కా, నీ పెళ్ళెప్పుడే?" అని ఆటపట్టించినా పలికేది కాదు. చూడలేక మాస్టారు పెద్దపిల్లల్ని నాలుగో తరగతి బల్లల మీదికి మార్చి, బడి వదిలాక ఉంచి అక్షరాలు దిద్దించేవారు. హెడ్మాస్టరు చూసీచూడనట్టు ఊరుకున్నారు. మిగతావాళ్ళు మెల్లగా కలిశారు. వీరవేణి మాత్రం అక్కడా నోరు విప్పలేదు.

"మాటాడని పిల్లకి చదువేటండీ? కొబ్బరి పీచు కొట్టుకుంటే తిండిగింజలైనా వస్తాయి" అని పోలిరాజు అప్పటికే సణుగుతున్నాడు. ఆ పిల్ల ఒక్కసారి గొంతెత్తితే చాలు, బడిలో నిలబడుతుందని మాస్టారి ఆశ.

ఆ బడిలో రోజూ సాయంత్రం వంతు ప్రకారం ఒకరు ప్రార్థన చేయాలి. అందరూ కళ్ళు మూసుకోవాలి. మాస్టారు ఆమెన్ అన్నాకే కళ్ళు తెరవడం, ఆ తర్వాతే గంట. తన వంతు వచ్చిన రోజున వీరవేణి లేచి, కళ్ళు మూసుకుని, బర్మా భాషలో గడగడా చెప్పింది. ఆ పిల్లకు అంత గొంతు ఉందని ఎవరికీ తెలియదు. చెప్పి, ఆగింది.

మాస్టారు ఆమెన్ అనలేదు. ఎవరిని తలచుకుందో, ఏమడిగిందో! ఎరగనిదానికి ఆమెన్ అంటే అబద్ధసాక్ష్యం కాదా? ఆయన వరండాలోకి వెళ్ళి గంట కొట్టేశారు. పిల్లలు గోలగోలగా పరుగెత్తారు. వెనక్కి తిరిగి చూస్తే, ఖాళీ గదిలో వీరవేణి ఇంకా కళ్ళు మూసుకునే నిలబడి ఉంది.

మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. పాకకు వెళ్ళి అడిగితే, కొత్తపేట దగ్గర మేనత్త ఇంటికి పనికి పంపేశానన్నాడు పోలిరాజు.

తరవాత మాస్టారే హెడ్మాస్టరయ్యారు. ఎనభైలో భార్య హన్నా కన్నుమూసింది. ఇంట్లో సాయంత్రం ప్రార్థన ముగించాక, ఆమెన్ అనే మనిషి లేక, చివర కాసేపు ఊరికే ఆగడం ఆయనకు అలవాటైంది. అలా ఆగినప్పుడల్లా ఆ ఖాళీ గది కళ్ళలో మెదిలేది.

ఎనభై మూడులో, బడి తెరిచిన వారంలోనే, ఒక సాయంత్రం పిల్లలంతా వెళ్ళిపోయాక ఒకామె కూతుర్ని చేర్చడానికి వచ్చింది.

"గుర్తున్నానాండీ? పోలిరాజు కూతుర్ని."

మాస్టారు కుర్చీలోంచి లేచారు. "వీరవేణీ! ఆవేళ నా మూలానే మానేశావామ్మా?"

"మా నాన్న పంపేశాడండీ" అంది ఆమె. "ఉంచినా వచ్చేదాన్ని కాదేమోలెండి. కళ్ళు తెరిస్తే గదిలో ఒక్కళ్ళూ లేరు. రంగూన్ నుంచొచ్చి ఓడ దిగినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు."

"ఏమని ప్రార్థించావు?"

"ప్రార్థనో ఏవిటోనండీ. అక్కడ బడి వదిలేటప్పుడు అందరం అనేవాళ్ళం. అప్పుడు అర్థం తెలుసు."

"ఒక్కసారి చెప్పమ్మా."

"ఇంకెక్కడి భాషండీ! అమ్మ పోయాక మాటాడేవాళ్ళేరీ?"

"ఉన్నంత చెప్పు."

"ఆయ్" అని ఆమె కళ్ళు మూసుకుంది. రెండు మాటలు వచ్చాయి. మూడోదానికోసం తడుముకుంది. ఇంకొకటి సగం పలికింది. అంతే, ఇక రాలేదు. అయినా కళ్ళు తెరవలేదు.

"ఆమెన్" అన్నారు సుందరరావు మాస్టారు.