యాట తిల్లి

కొమురవ్వకు డాక్టరు చెప్పడమంటే చెవిటోడి ముందు శంఖం ఊదడమే. ట్రాక్టరు మీదినుంచి పడి కొడుకు సదానందానికి కడుపులో తిల్లి, అంటే ప్లీహం, చిట్లితే కరీంనగర్‌లో ఆపరేషన్ చేసి తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు వివరంగానే చెప్పాడు. రోగాలతో కొట్లాడే బలం ఇకనుంచి తక్కువ. పేగుల్లో మనకు మేలుచేసే సూక్ష్మజీవులుంటాయి, తిల్లి పోయినవాళ్లలో వాటి పొందిక కూడా మారవచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. టీకాలు తప్పొద్దు, సగం ఉడికిన మాంసం తినొద్దు, అడ్డమైన బిళ్లలు మింగొద్దు, జ్వరమొస్తే గంట కూడా ఆగొద్దు. ఒళ్లో కూతురు భవ్యశ్రీని పెట్టుకుని కోడలు జమున అన్నీ గుర్తుపెట్టుకుంది. అత్త మాత్రం బయటికి రాగానే, "పోయినదాన్ని మల్ల తెచ్చుడు గాయనకేం ఎర్క," అంది.

ఆ ఊళ్లో రక్తం తక్కువైనవాళ్లకు యాట తిల్లి, అంటే మేకదో గొర్రెదో ప్లీహం, పెడతారు. నిప్పుల మీద అటూ ఇటూ చూపించి, ఉప్పుకారం చల్లి, లోపల ఎర్రగా ఉండగానే తినాలి. బాగా కాలితే సత్తువ పోతుందట. రక్తం లేనివాడికే పనిచేసేది తిల్లి లేనివాడికి పనిచేయదా అని కొమురవ్వ తెలివి. ప్రతి ఆదివారం మటన్ దుకాణం నుంచి కొంగు చాటున తెచ్చేది. ప్రతి సోమవారం సదానందం చెంబు పట్టుకుని పరుగెత్తేవాడు. "కోడలి చేతివంట గట్లుంటది," అని ఆమె వాకిట్లో కూర్చుని వాడకంతా వినిపించేది.

జమున ఓర్చి ఓర్చి, ఒక ఆదివారం ఆ తిల్లిని తీసుకెళ్లి కుక్కకు వేసింది.

"నా కొడుకు నోటికాడి కూడు గుంజినవ్," అంది అత్త.

"నీ కొడుకును నువ్వే సంపుతున్నవ్ అత్తా. పచ్చి మాంసం తింటే తట్టుకోడు."

"నువ్వచ్చినంకనే వాడు ట్రాక్టరు మీదికెల్లి పడ్డడు."

సదానందం మాట్లాడాల్సింది అప్పుడే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అని జనం అతన్ని చూసి జాలిపడేవారు గానీ, అతనికి అంత ఇబ్బందేమీ లేదు. ఎప్పుడూ తల్లి పక్షమే. "అవ్వను గట్లంటవా? ఇంకోపారి నా పళ్లెం ముట్టకు," అన్నాడు. జమునకు మొగుడి మీద అసహ్యం వేసింది. తరువాతి ఆదివారం అత్త తిల్లి తెచ్చి పెట్టినా పళ్లెం ముట్టలేదు.

మర్నాడు పొద్దున అతనికి చలిజ్వరం వచ్చింది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "దిష్టి తాకింది, జర ఆగు," అంటూ కొమురవ్వ ఎండుమిరపకాయలు తిప్పసాగింది. జమున 108కు ఫోన్ చేసింది. బండి వచ్చేసరికి అత్త గడపలో చేతులు చాపి నిలబడింది.

"వాని కడుపు మల్ల కోపిస్తవా? కదల్నియ్య."

జమున ఆమెను భుజంతో నెట్టింది. కొమురవ్వ వెళ్లి గోడకు కొట్టుకుంది. జమున ఆగి చూడలేదు.

రక్తంలోకి విషం పాకిందన్నారు ఆసుపత్రిలో. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు. చాలా రోజులకు ఐసీయూ నుంచి బయటపడ్డ సదానందం, మంచం పక్కన నిలబడి ఉన్న పెళ్లాన్ని మొదటగా అడిగిన మాట ఒకటే.

"అవ్వను నూకినవంట?"

జమున దుప్పటి సర్దడం ఆపింది.

"నూకిన. మల్ల అడ్డమొస్తే మల్ల నూకుత," అంది. "నీ మీద ప్రేమతోని, పావురంతోని తెచ్చిననుకోకు. భవ్యశ్రీకి బాపు కావాలె. గందుకే తెచ్చిన."